హువాన్ ప్రిమ్: జనరల్ ప్రధాని ఎలా అయ్యాడు?

స్పెయిన్ జనరల్ హువాన్ ప్రిమ్ గురించి మీరు మూడు సంగతులు అడిగారు: యుద్ధాల్లో పేరు తెచ్చుకున్న సైనికుడు ప్రధానమంత్రి స్థాయికి ఎలా ఎదిగాడు, 1870లో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య జరిగిన యుద్ధానికి అతడు ఎంతవరకు బాధ్యుడు, చివరికి అతణ్ణి చంపించింది ఎవరు. మొదటి ప్రశ్నకు ఎక్కువ చోటు తీసుకుంటాను. ముందు కొంతకాలం సైన్యంలో పనిచేసి, ఆ తరువాత రాజకీయాల్లోకి వచ్చిన మనిషిగా ప్రిమ్‌ను ఊహించుకుంటే అతడి జీవితంలో చాలా ఘట్టాలు అర్థం కావు. పార్లమెంటులో అడుగుపెట్టేనాటికి అతడికి ఇరవై ఏడేళ్లు కూడా నిండలేదు. హత్యకు గురైన నాటికి అతడు ప్రధాని, యుద్ధ శాఖ మంత్రి కూడా. ఈ రెండు వృత్తులూ మొదటినుంచి చివరిదాకా కలిసే నడిచాయి.

అలా ఎందుకు నడిచాయో తెలియాలంటే ఆనాటి స్పెయిన్ రాజకీయ వ్యవస్థను కొంచెం చూడాలి. 1833లో ఏడో ఫెర్నాండో చనిపోయినప్పుడు అతడి కూతురు ఇసబెల్‌కు మూడేళ్లు కూడా నిండలేదు. ఆమె బాబాయి కార్లోస్ సింహాసనం తనదేనన్నాడు. చర్చి అధికారాన్ని, పాత సంప్రదాయ హక్కులను కాపాడుకోవాలనుకున్నవారు కార్లోస్ పక్షాన నిలబడితే, రాజ్యాంగం కోరిన ఉదారవాదులు పసిపాప రాణిని తమ జెండాగా చేసుకున్నారు. ఏడేళ్లు సాగిన ఆ అంతర్యుద్ధంలో సింహాసనాన్ని నిలబెట్టింది సైన్యమే కాబట్టి, యుద్ధం ముగిశాక సైన్యాధిపతులు రాజకీయాల్లో వాటాదారులయ్యారు. కాగితం మీద రాజ్యాంగం, ఎన్నికలు ఉన్నాయి. కానీ మంత్రివర్గాన్ని నియమించేది రాణి. అలా నియమితమైన మంత్రివర్గమే అధికార యంత్రాంగాన్ని ఉపయోగించి ఎన్నికలు జరిపించి, తనకు కావలసిన మెజారిటీని తెచ్చుకునేది. అందువల్ల ప్రతిపక్షం ఓట్ల ద్వారా గద్దె ఎక్కడం దాదాపు అసాధ్యం. రాణి దయ లేని పార్టీకి మిగిలిన దారి సైనిక బారకాసుల గుండా పోయేది.

ఆ దారికి స్పానిష్‌లో 'ప్రొనున్సియామియెంతో' అని పేరు. ఒక జనరల్ ఏదో ఒక దండులో నిలబడి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ప్రకటన చేస్తాడు, మిగతా దండులు ఎటు మొగ్గుతాయో చూస్తాడు. చాలినన్ని మొగ్గితే ప్రభుత్వం కూలుతుంది, మొగ్గకపోతే అతడు సరిహద్దు దాటి పారిపోతాడు. చాలా సందర్భాల్లో రక్తపాతం తక్కువే. ఉదారవాదుల్లోనే ప్రగతివాదులకు ఎస్పార్తెరో, మితవాదులకు నార్వాయెస్, మధ్యేమార్గపు లిబరల్ యూనియన్‌కు ఓడొనెల్ అన్నట్టుగా ప్రతి పక్షానికీ ఒక ఖడ్గధారి ఉండేవాడు. ప్రిమ్ ఈ వరుసలో అందరికంటే చిన్నవాడు, నా లెక్కలో అందరికంటే తెలివైనవాడు.

1814 డిసెంబరులో కతలోనియాలోని రేయూస్ పట్టణంలో పుట్టాడు. అది వాణిజ్యంతో, వస్త్ర పరిశ్రమతో బతికే ఊరు. తండ్రి నోటరీ, కార్లిస్టు యుద్ధం మొదలయ్యాక రాణి పక్షపు స్వచ్ఛంద దళంలో అధికారిగా చేరినవాడు. 1834లో ప్రిమ్ కూడా ఆ దళంలోనే మామూలు సైనికుడిగా చేరాడు. సైనిక విద్యాలయం గడప తొక్కని ఈ యువకుడు వరుస పోరాటాల్లో గాయపడుతూ, ధైర్యానికి ఇచ్చే సాన్ ఫెర్నాందో శిలువలు సంపాదించుకుంటూ, యుద్ధం ముగిసేనాటికి కల్నల్ అయ్యాడు. ఇది గుర్తుంచుకోవలసిన విషయం. పెద్ద వంశం, ఆస్థానంలో పలుకుబడి, సైనిక విద్య, ఈ మూడూ లేని మనిషికి ఇంకా పైకి పోవడానికి పార్టీ ఒక్కటే నిచ్చెన.

1841లో ప్రగతివాదిగా ఎన్నికయ్యాడు. అప్పుడు దేశాన్ని రీజెంటుగా, అంటే చిన్నపిల్ల అయిన రాణి బదులు, పాలిస్తున్నది అదే పార్టీకి చెందిన ఎస్పార్తెరో. కానీ బ్రిటిష్ నూలుబట్టకు స్పెయిన్ మార్కెట్లు తెరుస్తాడన్న భయంతో కతలోనియా మిల్లు యజమానులు, కార్మికులు ఇద్దరూ అతడిపై మండిపడుతున్నారు. 1842 నవంబరులో బార్సిలోనాలో తిరుగుబాటు రేగినప్పుడు, డిసెంబరులో ఎస్పార్తెరో మోంజుయిక్ కోట నుంచి నగరంపై ఫిరంగులు పేల్చాడు. మరుసటి ఏడాది ప్రిమ్ రేయూస్‌లో తిరుగుబాటు జెండా ఎత్తాడు. ఎస్పార్తెరో పతనంతో అతడికి రేయూస్ కౌంటు బిరుదు, బార్సిలోనా సైనిక గవర్నరు పదవి దక్కాయి. అయితే కొద్ది వారాలకే, వాగ్దానాలు నిలబెట్టుకోలేదంటూ బార్సిలోనా ప్రజలు మళ్లీ లేచినప్పుడు ఆ నగరాన్ని అణచినది ప్రిమ్ చేతులే. నిన్నటిదాకా తమవాడనుకున్న ప్రజలు ద్రోహి అని తిడుతుంటే, అతడు 'అయితే జనరల్ నడికట్టు, లేదంటే శవపేటిక' అన్నాడని కతలన్ నానుడి ఒకటి ఈనాటికీ చెప్పుకుంటారు. అతడి అభిమానులు ఈ ఘట్టాన్ని పెద్దగా తలచుకోరు. నాకు మాత్రం అతడి స్వభావం అర్థం కావడానికి ఇదే తాళంచెవి అనిపిస్తుంది: విప్లవం తెచ్చేవాడు, కానీ అది తన చేయి దాటిపోవడం సహించలేనివాడు.

ఎస్పార్తెరోను కూల్చిన విజయం ఫలితాన్ని అనుభవించింది ప్రగతివాదులు కాదు, నార్వాయెస్. 1844లో అతడిపై కుట్ర పన్నాడన్న ఆరోపణతో ప్రిమ్‌కు ఆరేళ్ల శిక్ష పడింది. తల్లి వేడుకోలుతో క్షమాభిక్ష దొరికింది. తరువాత అతణ్ణి దూరంగా ఉంచడానికి ప్యూర్టోరికో దీవికి గవర్నరుగా పంపారు. అక్కడ గడిపింది ఏడాదికంటే తక్కువే అయినా, అతడి జీవితంలో మచ్చ అన్నదానికి ఇదే చిరునామా. 1848లో పొరుగున ఉన్న ఫ్రెంచి మార్తినీక్‌లో బానిసలు తిరగబడ్డారన్న వార్త రాగానే, మే 31న ఆఫ్రికా సంతతివారందరినీ, వారు బానిసలైనా స్వతంత్రులైనా, సైనిక న్యాయస్థానాల కిందికి తెస్తూ ఒక శాసనం జారీ చేశాడు. తెల్లవారిపై ఆయుధం ఎత్తితే బానిసకు మరణం, స్వతంత్రుడికి కుడిచేయి నరికివేత. ఆ వేసవిలోనే డేనిష్ దీవి సెయింట్ క్రోయిలో బానిసల తిరుగుబాటును అణచడానికి సైనికులను కూడా పంపాడు. తరువాత వచ్చిన గవర్నరు ఆ శాసనాన్ని రద్దు చేయవలసి వచ్చింది. మాడ్రిడ్‌లో స్వేచ్ఛ గురించి మాట్లాడిన ఉదారవాదులకు వలసల్లో వేరే నీతి ఉండేదన్న విమర్శకు ప్రిమ్ కంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఆ తరువాతి దశాబ్దాన్ని త్వరగా దాటవచ్చు. క్రిమియా యుద్ధంలో ఒట్టోమాన్ సైన్యం వద్ద పరిశీలకుడిగా ఉన్నాడు. 1856లో మెక్సికో సంపన్న కుటుంబానికి చెందిన ఫ్రాన్సిస్కా అగ్వేరోను పారిస్‌లో పెళ్లి చేసుకున్నాడు. ఓడొనెల్ లిబరల్ యూనియన్‌కు దగ్గరై సెనేటరయ్యాడు. దేశమంతటికీ అతడి పేరు ఇంటింటి పేరైనది మాత్రం మొరాకో యుద్ధంలో. 1860 జనవరి 1న కాస్తియెహోస్ వద్ద, కోర్దోబా రెజిమెంటు సైనికులు దాడికి ముందు కింద పెట్టిన మూటలు మొరాకో సేనల వశం కాబోతుండగా, ప్రిమ్ రెజిమెంటు జెండాను తన చేతిలోకి తీసుకుని, మూటలు మీవి, వాటిని వదులుకోవచ్చు, ఈ జెండా దేశానిది అన్న అర్థం వచ్చేలా కేకవేసి ముందుకు దూకాడు. సైనికులు వెంట నడిచారు. ఫిబ్రవరిలో తెతువాన్ యుద్ధంలో కతలన్ స్వచ్ఛంద సైనికులకు నాయకత్వం వహించాడు. అతడి ఊరివాడే అయిన చిత్రకారుడు మరియా ఫోర్తునిని ఆ యుద్ధాన్ని చిత్రించడానికి బార్సిలోనా పాలకమండలి పంపించింది. యుద్ధం వల్ల స్పెయిన్‌కు దక్కిన భూమి స్వల్పం. ప్రిమ్‌కు మాత్రం కాస్తియెహోస్ మార్క్విస్ బిరుదు, ఏ దండులో అడుగుపెట్టినా జేజేలు దక్కాయి.

ఇక్కడే మీ మొదటి ప్రశ్నలోని 'రాజనీతిజ్ఞుడు' అన్న మాటకు వస్తాను. ప్రిమ్‌కు ఆ పేరు తగినది మొరాకోలో గెలిచినందుకు కాదు, మెక్సికోలో యుద్ధం చేయనందుకు. 1861లో అధ్యక్షుడు హువారెస్ విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసినప్పుడు, స్పెయిన్, బ్రిటన్, ఫ్రాన్స్ లండన్‌లో ఒప్పందం చేసుకుని వెరాక్రూస్ రేవుకు సేనలను పంపాయి. సుమారు 6,000 మంది స్పానిష్ సైనికులే వాటిలో పెద్ద భాగం, వారి సేనాని ప్రిమ్. పైకి చెప్పిన లక్ష్యం బాకీల వసూలు. ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ మనసులో ఉన్నది మెక్సికోలో ఒక ఐరోపా యువరాజును సింహాసనం ఎక్కించడం. ప్రిమ్ 1862 ఫిబ్రవరిలో లా సొలెదాద్ వద్ద హువారెస్ ప్రభుత్వంతో ప్రాథమిక ఒప్పందం కుదుర్చుకున్నాడు. మార్చిలో ఒరిసాబా నుంచి నేరుగా నెపోలియన్‌కు ఉత్తరం రాశాడు: ఆ దేశంలో రాచరికాన్ని కోరేవారు లేరు, మీరు ఒక రాజును సులువుగానే నిలబెట్టగలరు, కానీ మీ అండ తొలగిన రోజున అతడికి అక్కడ నిలువనీడ ఉండదు అన్నది దాని సారాంశం. ఏప్రిల్‌లో ఫ్రెంచివారి ఉద్దేశం బయటపడగానే, మాడ్రిడ్ అనుమతి కోసం ఎదురుచూడకుండా, సేనలను ఓడలెక్కించి వెనక్కి తెచ్చేశాడు. బ్రిటిష్ వారూ వెళ్లిపోయారు. క్యూబాలో గవర్నరుగా ఉన్న జనరల్ సెర్రానో మండిపడ్డాడు. రాణి ఆమోదించడంతో ప్రభుత్వం కాదనలేకపోయింది. అయిదేళ్ల తరువాత, 1867 జూన్ 19న, ఫ్రెంచి సేనలు వెళ్లిపోయిన మెక్సికోలో నెపోలియన్ నిలబెట్టిన చక్రవర్తి మాక్సిమిలియన్‌ను కేరెతారోలో కాల్చి చంపారు. ప్రిమ్ భార్య బంధువర్గం మెక్సికోలో ఉండడం వల్లనే అతడు వెనుదిరిగాడని శత్రువులు అన్నారు. ఆ దేశం అతడికి తెలియడానికి ఆ బంధుత్వం ఉపయోగపడి ఉంటుంది, సందేహం లేదు. అయినా ఉత్తరంలోని అంచనా అక్షరాలా నిజమైంది కదా.

తిరిగి వచ్చాక ప్రగతివాదుల నాయకత్వం అతడి చేతికి వచ్చింది. తమను ఎన్నటికీ పిలవని రాణితో విసిగి ఆ పార్టీ 1863 నుంచి ఎన్నికలనే బహిష్కరించింది. ప్రిమ్ 1866 జనవరిలో వియారేహో దె సల్వానెస్ వద్ద తిరుగుబాటు చేసి, విఫలమై, పోర్చుగల్‌కు పారిపోయాడు. అదే జూన్‌లో మాడ్రిడ్ సాన్ హీల్ బారకాసులో సార్జెంట్లు తిరగబడ్డారు, ఓడొనెల్ ప్రభుత్వం 66 మందిని కాల్చి చంపించింది. ఆ ఆగస్టులో బెల్జియంలోని ఓస్టెండ్‌లో ప్రగతివాదులు, డెమోక్రాట్లు కలిసి, ఇసబెల్‌ను దించాలని, ఆ తరువాత పాలనా రూపాన్ని ప్రజల ఓటు ద్వారా ఎన్నికైన సభ నిర్ణయించాలని ఒప్పందం చేసుకున్నారు. ఓడొనెల్ 1867లో, నార్వాయెస్ 1868లో చనిపోవడంతో రాణి చుట్టూ ఉన్న రెండు పెద్ద కత్తులూ ఒరిగిపోయాయి, ఓడొనెల్ అనుచరులు కూడా కుట్రలో చేరారు.

1868 సెప్టెంబరులో ప్రిమ్ లండన్ నుంచి ప్రయాణికుల ఓడలో, సేవకుడి వేషంలో, జిబ్రాల్టర్ చేరాడు. వెంట ప్రగతివాద నాయకులు సగాస్తా, రుయిస్ సొరీయా ఉన్నారు. అక్కడినుంచి కాదిస్ వెళ్లి అడ్మిరల్ తొపేతె నౌకాదళంతో కలిశాడు. సెప్టెంబరు 28న అల్కొలేయా వంతెన వద్ద, విప్లవకారుల వైపు చేరిన సెర్రానో, రాణి ప్రభుత్వపు సేనలను ఓడించాడు, 30న రాణి ఫ్రాన్స్‌కు వెళ్లిపోయింది. ఆ తరువాతి రెండేళ్లలో జరిగినవి తక్కువేమీ కావు: పురుషులందరికీ ఓటుహక్కుతో ఎన్నికలు, మత స్వేచ్ఛను గుర్తించిన 1869 రాజ్యాంగం, ఆర్థిక మంత్రి ఫిగేరొలా ప్రవేశపెట్టిన పెసేతా నాణెం. బార్సిలోనా ప్రజలు రాచరికపు అణచివేతకు గుర్తుగా ద్వేషించిన సియుతదెల్యా కోట స్థలాన్ని నగరానికే ఇప్పించినది ప్రిమ్. ఈనాడు అది ఉద్యానవనం. సెర్రానోను రీజెంటు అనే గౌరవప్రదమైన, అధికారం తక్కువగల పీఠంపై కూర్చోబెట్టి, తాను 1869 జూన్‌లో ప్రధాని అయ్యాడు, యుద్ధ శాఖను వదులుకోలేదు.

వాగ్దానభంగాలూ ఉన్నాయి. నిర్బంధ సైనిక భర్తీని రద్దు చేస్తామని విప్లవకారులు ఊరూరా చెప్పారు. డబ్బు కట్టగలవారు తప్పించుకోగా, పేదల కొడుకులే బలయ్యే ఆ పద్ధతిని జనం అసహ్యించుకునేవారు. క్యూబాలో 1868 అక్టోబరులో స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది, సైనికులు కావలసి వచ్చారు, భర్తీ కొనసాగింది. 1870 వసంతంలో బార్సిలోనా పక్కనున్న గ్రాసియా దీనిపైనే తిరగబడితే ఫిరంగులతో అణచారు. క్యూబా విషయంలో ప్రిమ్, అమెరికా మధ్యవర్తిత్వంతో, పరిహారం తీసుకుని దీవిని వదులుకునే అవకాశాన్ని గుట్టుగా పరిశీలించాడు. విషయం బయటికి పొక్కగానే స్పెయిన్ పత్రికలు, క్యూబాలో డబ్బున్న వర్గాలు గగ్గోలు పెట్టడంతో ముందుకు సాగలేదు. మెక్సికోలో చూపిన తెగువ ఇక్కడ చూపలేకపోయాడు. పార్లమెంటులో అతడి కూటమి మూడు ముక్కల కూర్పు, ఏ ముక్క జారినా మొత్తం కూలిపోయేది.

రెండో ప్రశ్న ఈ కూటమితోనే ముడిపడి ఉంది. రాజ్యాంగం రాచరికమే అన్నది, రాజు మాత్రం లేడు. ఇసబెల్‌ది అయిన బూర్బన్ వంశం తిరిగి రావడం 'ఎన్నటికీ, ఎన్నటికీ, ఎన్నటికీ' జరగదని ప్రిమ్ సభలో ప్రకటించాడు. పోర్చుగల్ రాజు తండ్రి ఫెర్నాందో ఒప్పుకోలేదు, జెనోవా డ్యూక్ చిన్నపిల్లవాడు, లొగ్రోన్యోలో విశ్రాంతి తీసుకుంటున్న ముసలి ఎస్పార్తెరో తనకు వద్దన్నాడు. ఇసబెల్ చెల్లెలి భర్త మోంపాన్సియే డ్యూక్ విప్లవానికి డబ్బు పెట్టి కిరీటం కోసం కాచుకుని ఉన్నాడు గానీ, 1870 మార్చిలో ద్వంద్వయుద్ధంలో రాజవంశీకుడైన ఎన్రీకెను చంపి తన అవకాశాలను తానే చంపుకున్నాడు. అప్పుడు ప్రిమ్ చూపు ప్రష్యా రాజవంశపు కాథలిక్ శాఖకు చెందిన లియోపోల్డ్ మీద పడింది. ప్రష్యా ప్రధాని బిస్మార్క్ లోపల్లోపల ప్రోత్సహించాడు. జూన్‌లో అంగీకారం వచ్చింది. కోర్తెస్, అంటే పార్లమెంటు, సమావేశంలో ఉండగానే ఎన్నిక ముగించి, నెపోలియన్‌కు తానే నచ్చజెప్పుకోవాలన్నది ప్రిమ్ ఆలోచన. అయితే బెర్లిన్ నుంచి వచ్చిన సంకేత తంతిలో తేదీని తప్పుగా చదవడంతో, అంగీకారంతో తిరిగి వచ్చే ప్రిమ్ దూత ఇంకా ఆలస్యంగా వస్తాడనుకుని సభను వాయిదా వేశారు. సభ్యులు ఇళ్లకు వెళ్లారు, రహస్యం బయటపడింది. జూలై 12న లియోపోల్డ్ తండ్రి అభ్యర్థిత్వాన్ని ఉపసంహరించినా, జూలై 19న ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది.

కాబట్టి, సందర్భాన్ని సృష్టించింది ప్రిమ్, యుద్ధాన్ని సృష్టించింది అతడు కాదు. అభ్యర్థి తప్పుకున్న తరువాత కూడా ప్రష్యా రాజు నుంచి శాశ్వత హామీ కావాలని పట్టుబట్టింది ఫ్రెంచి మంత్రి గ్రామాన్, రాజు ఆ కోరికను కాదన్న సంగతి తెలిపిన ఎమ్స్ తంతిని కత్తిరించి పత్రికలకిచ్చింది బిస్మార్క్. ప్రిమ్‌ను తప్పుపట్టవలసినది మరొక చోట: ఫ్రాన్స్ తన రెండు సరిహద్దుల్లోనూ ఒకే రాజవంశాన్ని చూసి ఎలా స్పందిస్తుందో ముందే బాగా తెలిసిన మనిషి, అంతా రహస్యంగా ఉండిపోతుందన్న నమ్మకంతో అంత పెద్ద పందెం కాశాడు. యుద్ధం మొదలయ్యాక స్పెయిన్‌ను తటస్థంగా ఉంచాడు. నవంబరు 16న కోర్తెస్ ఇటలీ రాజు రెండో కుమారుడు అమదేయోను 311లో 191 ఓట్లతో ఎన్నుకుంది. 60 ఓట్లు ఫెడరల్ రిపబ్లిక్‌కు, 27 మోంపాన్సియేకు పడ్డాయి.

ఇక హత్య. 1870 డిసెంబరు 27 సాయంత్రం, మంచు పడుతుండగా, ప్రిమ్ పార్లమెంటు నుంచి తాను నివసించే బుయెనవిస్తా భవనానికి బయలుదేరాడు. తుర్కో వీధిలో అడ్డంగా నిలిపిన బండ్లు దారి మూసేశాయి. వెడల్పు మూతి తుపాకులతో వచ్చినవారు రెండువైపులా కాల్చారు. భుజం, మోచేయి, చెయ్యి ఛిద్రమైనా ఇంటి మెట్లు తానే ఎక్కాడని అంటారు. డిసెంబరు 30న చనిపోయాడు, అమదేయో కార్తహేనా రేవులో దిగిందీ ఆ రోజే. అమదేయో ఎన్నికను వ్యతిరేకించిన తొపేతె, తాత్కాలికంగా ప్రభుత్వ బాధ్యత తీసుకుని కొత్త రాజుకు స్వాగతం చెప్పడానికి వెళ్లడం ఆ రోజుల్లోని అరుదైన మర్యాద. మాడ్రిడ్ చేరిన అమదేయో మొదట ఆతోచా చర్చిలో ప్రిమ్ భౌతికకాయాన్ని చూశాడు. ఆపైన ప్రగతివాద పార్టీ, కాదిస్‌కు ప్రిమ్ వెంట వచ్చిన సగాస్తా, రుయిస్ సొరీయా ఇద్దరి మధ్యే చీలిపోయింది. 1873 ఫిబ్రవరిలో అమదేయో కిరీటం వదిలేశాడు. 1874 చివర్లో మరో జనరల్ మరో ప్రకటన చేసి, ప్రిమ్ ఎన్నటికీ రాదన్న బూర్బన్ వంశాన్నే తిరిగి తెచ్చాడు.

అనుమానితులు ముగ్గురు. ప్రిమ్‌ను బాహాటంగా బెదిరించిన రిపబ్లికన్ పత్రికాసంపాదకుడు పౌల్ ఇ అంగూలో మొదటివాడు. విదేశాలకు పారిపోయిన అతడు చివరిదాకా తాను కాదనే అన్నాడు. రెండోవాడు మోంపాన్సియే: అతడి అనుచరుడు సొలీస్ ఇ కంపుసానో పేరు దర్యాప్తులో బలంగా వినిపించింది. మూడోవాడు సెర్రానో, అతడి అంగరక్షక దళాధిపతి పాస్తోర్ మీద సాక్ష్యాలు వచ్చినందువల్ల. వేల పుటల దస్త్రం పేరుకుపోయింది, ఒక్కరికీ శిక్ష పడలేదు. 1878లో కొత్త రాజు పన్నెండో అల్ఫోన్సో పెళ్లాడినది మోంపాన్సియే కూతురినే అన్నది గుర్తుచేసుకుంటే, దర్యాప్తుపై ఉత్సాహం ఎందుకు చల్లారిందో ఊహించడం కష్టం కాదు. 2012లో రేయూస్‌లో ఉన్న అతడి భౌతికావశేషాన్ని పరీక్షించిన ఒక బృందం, మెడమీది గుర్తులను బట్టి గాయపడ్డాక గొంతు బిగించి చంపారని అన్నది. తరువాత మాడ్రిడ్ కొంప్లుతెన్సె విశ్వవిద్యాలయ నిపుణులు అవి దుస్తుల ఒత్తిడి వల్ల మరణానంతరం ఏర్పడిన గుర్తులని, తుపాకీ గాయాలే ప్రాణం తీశాయని తేల్చారు. నాకు రెండో వాదనే నమ్మదగినదిగా కనిపిస్తుంది. కాల్చినవారు కూలికి వచ్చినవారు, కొందరు రిపబ్లికన్ల చుట్టూ తిరిగేవారు, వెనుక ఉన్న డబ్బు మోంపాన్సియే వైపునుంచి వచ్చి ఉండవచ్చు అన్నది నా అభిప్రాయం. సెర్రానోపై ఉన్న సాక్ష్యం అతడి అంగరక్షకుడి దగ్గరే ఆగిపోతుంది, దాన్ని అతడిదాకా లాగడానికి దస్త్రంలో ఉన్నది చాలదు.